పెట్టె నంబరు మాత్రమే

నంబరు మామయ్యని ఏదడిగినా అది ఎక్కడుందో చెబుతాడు గానీ, చచ్చినా చేతికి తెచ్చివ్వడు. మనిషంతా ఈ ఒక్క ముక్కలోనే ఉన్నాడు. మిగతాది బట్టతలా, కళ్ళజోడూ, అంతే.

అత్తయ్య పొయ్యి దగ్గర నుంచి "ఏమండీ, కాస్త ఉప్పు అందుకోండి" అంటుంది.

"పై అర, ఎడమ నుంచి మూడో డబ్బా" అంటాడు, కుర్చీలోంచి కదలకుండా.

"డబ్బా సంగతి నాకూ తెలుసు. మీకు చేతుల్లేవా?"

"ఉన్నాయి. కుడిదొకటి, ఎడమదొకటి."

ఓ పెళ్ళిలో ఎవరో పాపం మర్యాదకి "మీ అల్లుడుగారేరీ?" అనడిగితే "రెండో వరుస, చివరి కుర్చీ" అన్నాడు. ఆయన మాటకి మురిసిపోయిన మనిషి లోకంలో ఒక్క పళ్ళ డాక్టరే. ఏ పన్ను నొప్పి అని అడగడమే ఆలస్యం, "కింద వరుస, కుడి నుంచి నాలుగు" అని టక్కున చెప్పాట్ట.

అలాంటి మామయ్య చేత మేనకోడలు తన కట్టుడు పళ్ళ దుకాణానికి కంప్యూటర్ ప్రోగ్రాం రాయించుకుంది. ఇక చెప్పేదేముంది.

బ్రౌజర్‌లోనే అన్నీ దాచుకునే డేటాబేస్ అది, నెట్ పోయినా పనిచేస్తుంది. పేరు, ఫోను, కొలతలప్పుడు తీసిన బోసినోటి ఫొటో, అన్నీ కలిపి ఒక్కొక్కరికి ఒక రికార్డు. పళ్ళ సెట్టు పెట్టిన పెట్టె నంబరే ఆ రికార్డుకి కీ. ఫోన్ నంబరు కొడితే ఇండెక్స్ వెతికిపెడుతుంది. పాఠ్యపుస్తకం చివర ఇండెక్స్ ఉంటుంది చూడండి, పేజీ నంబరు చెబుతుందే గానీ పాఠం చెప్పదు కదా, అలాగన్నమాట. కావాలంటే రికార్డు మొత్తం తెప్పించుకోవచ్చు. మామయ్య తెప్పించలేదు. వట్టి కీ, అంటే పెట్టె నంబరు, తెప్పించి ఊరుకున్నాడు.

మేనకోడలు ఆ ఉదయం గట్టిగా పట్టుకుంది. "ఎదురుగా కొత్త షాపు పెట్టారు మామయ్యా. నంబరు కొట్టగానే పేరూ, ఫొటో పెద్ద తెర మీద వచ్చేస్తాయట. మన గిరాకీ సగం అటే పోతోంది. నేనూ తెర కొన్నాను. ఇవాళ దాని మీద అన్నీ కనబడాలి."

"కనబడవు."

"ఒక్క లైను మారిస్తే చాలన్నావుగా."

"చాలు. మార్చను."

"ఎందుకు మార్చవు?"

"మార్చను, అంతే."

"అయితే ఇంకొకతన్ని పిలిపించి నీ ప్రోగ్రాం తీయించేస్తా."

"పిలిపించు. ఫోను నీ కుడిచేతి పక్కనే ఉంది."

ఆమె విసురుగా ఫోను అందుకుంది. అంతలో సంగీతం టీచరమ్మ లోపలికొచ్చింది.

"తొందరగా ఇచ్చెయ్యమ్మా. మా ఆయన్ని పక్క సందులో స్కూటర్ దగ్గర నిలబెట్టి, దువ్వెన కొనుక్కొస్తానని చెప్పొచ్చా. నా నవ్వు చూసే పడిపోయానంటారు ఆయన. అది కట్టుడు నవ్వని తెలిస్తే ఏం బావుంటుంది చెప్పు?"

ఇంటి ఫోన్ నంబరు కొట్టగానే తెర మీద రెండు నంబర్లు పడ్డాయి. పద్నాలుగు, యాభై రెండు.

"రెండున్నాయేంటి? నాది ఒక్క సెట్టేగా" అంది టీచరమ్మ.

"మీది పద్నాలుగమ్మా. రెండోది మీది కాదు" అన్నాడు మామయ్య.

మేనకోడలు పద్నాలుగో పెట్టె ఇచ్చి ఆవిడని అద్దం గదిలోకి పంపింది. ఆ రెండోదేంటో చూద్దామని యాభై రెండో పెట్టె మూత తీసింది. లోపల చీటీ మీద టీచరమ్మగారి ఆయన పేరుంది.

గబుక్కున మూత పెట్టేసింది. తన మాటే నెగ్గి ఉంటే, ఈపాటికి ఆ పెద్దమనిషి బోసినోరు బారెడు తెర మీద, పెళ్ళాం కళ్ళెదుటే వెలుగుతూ ఉండేది.

అప్పుడే ఆయనా గుమ్మంలోకొచ్చాడు. "మా ఆవిడ దువ్వెనకని వెళ్ళిందమ్మా. ఈలోగా నాది ఇచ్చేస్తే..."

అద్దం గది తలుపు కిర్రుమంది.

మామయ్య కుర్చీలోంచి లేచాడు. ఆమె చేతిలో పెట్టె లాక్కుని, ఆయన భుజం మీద చెయ్యేసి, "రండి, వెనక గదిలో పెట్టి చూద్దాం. అటునుంచే సందులోకి దారుంది" అంటూ దొడ్డిగుమ్మం వైపు నడిపించుకుపోయాడు.

తిరిగొచ్చేసరికి టీచరమ్మ వెళ్ళిపోయింది. మేనకోడలు ఫోను పక్కన పడేసి కూర్చుంది. "నీకు ముందే తెలుసు కదూ. ఇందుకోసమని ఒక్క ముక్క చెబితే ఏం పోయింది మామయ్యా?"

"చెబితే ఎవరికోసమో కూడా చెప్పాలిగా."

"ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయా?"

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరే, అడగనులే. కొన్న తెర ఎలాగూ కొన్నాను. నంబర్లే కాస్త పెద్దగా కనబడేలా చెయ్యి."

పక్క సందు వైపు కిటికీలోంచి మాటలు వినిపించాయి.

"దువ్వెనేదోయ్?"

"నచ్చలేదండీ. మీరేంటి, అంత నోరు తెరిచి నవ్వుతున్నారు?"

"నువ్వు నవ్వుతుంటేనూ."