మా సూపర్‌వైజర్ గారి సగం కథలు

మా సూపర్‌వైజర్ గారు ఏ కథనూ ఒక్కచోట పూర్తిగా చెప్పిన పాపాన పోలేదు. మాది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ. ఆయన కాలు ఒకచోట నిలవదు. ఉతికే మిషన్ దగ్గర మొదలుపెట్టిన కథ ఆరబెట్టే గదిలో సాగి, ఇస్త్రీ బల్ల దగ్గర ముగుస్తుంది. ఈలోగా మా ప్రాణాలు తోడేస్తుంది.

ఆ రోజుల్లో ఇస్త్రీకి కొత్తగా ఒక అక్క చేరింది. తలెత్తదు, పలకదు. దుప్పట్ల గుట్ట చాటున ఒక్కతే కూర్చుని తింటుంది. "పలకరించే దిక్కులేని చోట ఉండలేను, శనివారంతో మానేస్తాను" అని ఆఫీసులో చెప్పేసిందట. మేమేమో ఆవిడకు పొగరని తేల్చేశాం.

ఆవిడ ఆ మాట అన్న మర్నాడే సార్ నా మిషన్ దగ్గరకొచ్చారు.

"మా బావమరిది తాళంచెవి పోగొట్టుకుని, కిటికీలోంచి ఇంట్లోకి దూరబోయాడయ్యా. నడుం దగ్గర ఇరుక్కుపోయాడు. తల లోపల, కాళ్లు బయట. ఇంతలో లోపల్నుంచి ఎవరో చెవి పట్టుకున్నారు."

"ఎవరు సార్?"

"నాకు పనుంది. మిగతాది ఇస్త్రీ దగ్గర చెప్పాను, అడుగు."

వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. వినకపోతే కొంప మునుగుతుందా అనుకున్నాను. ఆ ధ్యాసలో సబ్బుపొడి రెండుసార్లు వేశాను. నురగ గుమ్మం దాటింది. ఇక లాభం లేదని ఇస్త్రీ బల్ల దగ్గరకు పరుగెత్తాను.

"అక్కా, ఆ చెవి పట్టుకున్నదెవరు?"

ఆవిడ బిత్తరపోయింది. "పక్కింటి ముసలావిడట. ఆయన దూరింది వాళ్లింట్లోకే." మళ్లీ తనే, "అసలు కిటికీలోంచి దూరడమేంటి? నాకు మొదలు చెప్పలేదు" అంది.

మొదలు నేను చెప్పాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వింది. ఈలోగా మధ్యముక్క పట్టుకుని ఆరబెట్టే గదివాళ్లూ దిగారు.

శుక్రవారం సార్ మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి వాళ్లావిడ వచ్చారు. "మీ తమ్ముడికి నడుం నొప్పి తగ్గిందా అండీ?" అని అడిగాను.

"నాకు తమ్ముడెక్కడ బాబూ? మేం నలుగురం ఆడపిల్లలమే."

సార్‌ని నిలదీశాను. అటూ ఇటూ తిరుగుతూనే జవాబిచ్చారు. "నేను పలకరిస్తే ఆ ఇస్త్రీ ఆవిడ లేచి నిలబడుతుంది. మీరు పలకరిస్తే నవ్వుతుంది. వెళ్లి పలకరించండ్రా అంటే వింటారా మీరు?"

వినేవాళ్లం కాదు. ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

శనివారం మధ్యాహ్నం అక్క టిఫిన్ డబ్బా పట్టుకుని మా బెంచీ దగ్గరకొచ్చింది.

"మానేస్తానన్నావటగా అక్కా?"

"మానేస్తే మిగతా కథలు మీకెవరు చెబుతారు? ముందు జరగండి."

అందరం ఒకేసారి జరిగాం. చివరనున్న నేను దబ్బున కింద పడ్డాను. అందరికంటే ముందు నవ్వింది అక్కే.