దండ వేసిన పేజీ

మౌస్ పట్టుకుని మెనూల్లో తడుముకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది. పటమటలో ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు చేసే రోజులవి. పేజీ వెనకాల కోడ్ చూడాలంటే కంట్రోల్ యు, అడ్రస్ కొట్టాలంటే కంట్రోల్ ఎల్. చెయ్యి కీబోర్డు మీంచి లేవకుండా పని అయిపోవాలి. లేకపోతే నాకు తోచేది కాదు.

నాన్నకి ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపు ఉండేది. దానికి సైట్ చేసింది నేనే. తెరవగానే తెల్ల చొక్కాలో నవ్వుతూ నాన్న. ఆయన గుండెపోటుతో పోయాక కూడా పై ఊళ్ళవాళ్ళు ఆ పేజీ చూసి, ఫోన్ చేసి, ఆయన్నే పిలవమనేవారట. షాపు చూసుకుంటున్న బాబాయికి ఆయన లేడని చెప్పీ చెప్పీ ప్రాణం విసిగింది.

"గోడ మీద ఫొటోకి దండేశాం గదమ్మా. పెద్దకర్మ లోపు దానిక్కూడా ఏసెయ్యి," అన్నాడు.

అప్పటికి నేనింకా ఏడవలేదు. గట్టి పిల్లనని చుట్టాలు మెచ్చుకున్నారు. గట్టితనమేం కాదు, లోపల ఏమీ కదలడం లేదు, అంతే. ఆఫీసుకెళ్ళి, బ్రౌజర్లోనే ఉండే స్కేలు పెట్టి నాన్న భుజాల వెడల్పు కొలిచాను. రంగు పట్టిచ్చే టూల్‌తో ఒక గుడి సైట్లోంచి కుంకుమ ఎరుపు తీసుకుని నుదుట బొట్టు పెట్టాను. దండ కాస్త పొడుగైతే కత్తిరించాను. ఎవరి సైటైనా అలాగే చేసేదాన్ని. పాత ఫొటో పేరుతోనే కొత్తది ఎక్కించి టీ తాగాను.

కాసేపటికి బాబాయి ఫోన్, ఏమీ మారలేదని. బ్రౌజరు ఒకసారి చూపించిన ఫొటోని దాచుకుంటుంది. అదే పేరు మళ్ళీ కనబడితే పాతదే చూపిస్తుంది. కంట్రోల్ పట్టుకుని ఎఫ్ ఫైవ్ నొక్కమన్నాను. వచ్చిందని చెప్పి పెట్టేశాడు.

ఇంట్లో కంప్యూటర్లో మాత్రం పాత నాన్నే ఉన్నాడు. అమ్మ రోజూ నాచేత ఆ పేజీ తెరిపించుకుని కాసేపు ఎదురుగా కూర్చునేది. నేను ఆ మీటల జోలికి పోలేదు.

పెద్దకర్మ ముందురోజు అమ్మ అడగనే అడిగింది. "దండేశావంటగా. అందరూ చూస్తన్నారు, మీ బాబాయి చెప్పాడు. నాకు చూపిచ్చవే?"

నొక్కాను. ఫొటో ఉన్న చోటు తెల్లబడింది. మా ఇంటి నత్తనడక నెట్‌కి కొత్తది పైనుంచి కొంచెం కొంచెంగా దిగింది. జుట్టు, బొట్టు, నవ్వు, ఆ తర్వాత దండ. అమ్మ చాలాసేపు చూసింది.

"మళ్ళీ ఎనక్కి తీసుకెళ్ళే మీట లేదా?"

పాత ఫొటో ఆఫీసులో సీడీలో భద్రంగానే ఉంది. అమ్మ అడుగుతున్నది దాన్ని కాదని నాకు తెలుసు.

"లేదమ్మా," అన్నాను. ఆ మాట నా నోటితో అన్నాకే నాకు ఏడుపొచ్చింది.