‘ఇల్ల’ అన్న తెరను మార్చిన రోజులు

రెండువేల తొలి ఏళ్ళలో, కన్నడ రాజధాని అంచున ఉన్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇళ్ళకంటే ఖాళీ సైట్లే ఎక్కువ. అక్కడ ఒక ఇంటి మేడ మీద మా కంపెనీ. భూమి దాఖలాలు వెతికే సర్కారు ప్రోగ్రామును జనానికి సులువయ్యేలా మార్చే పని మాకు దొరికింది. కంప్యూటరు తెర మీద ఏది ఎక్కడ ఉండాలో గీసేది నేను. గుంటూరు నుంచి వచ్చి రెండేళ్ళయింది. అప్పటికి పొలం కాగితం ఒక్కటీ చేత్తో పట్టుకున్నదాన్ని కాను.

జనం ఎలా వెతుకుతున్నారో చూసి రమ్మని మా బాసు నన్ను ఊరికి దక్షిణాన ఉన్న ఒక తాలూకా ఆఫీసుకు పంపాడు. రోజూ అత్తిబెలె వైపు బస్సులో వెళ్ళేదాన్ని.

అక్కడి రికార్డు గదికి పెద్ద ఒక ముసలి గుమస్తా. రిటైరవడానికి ఏడాది కూడా లేదు. నేను కన్నడంలో తడబడుతుంటే ఆయనే తెలుగులో అందుకున్నాడు.

“ఏ ఊరు పాపా మీది?”

“గుంటూరండి.”

“మేము తాతల కాలం నుంచి ఈడే ఉండాము. నీ తెలుగు సినిమా మాదిరి ఉండాది.” నవ్వాడు. నేనెందుకు వచ్చానో చెప్పగానే ఆ నవ్వు పోయింది. “ఆ కంప్యూటరు వచ్చినాక మమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. దానికి రంగులేయను నువ్వొచ్చినావా?”

రెండు వారాలు ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు. నేనూ అడగలేదు. నాకు తోచినట్టు ఒక తెర గీశాను. సర్వే నంబరుకు పెద్ద గడి, పేరుకు ఇంకో గడి, కింద పచ్చటి బటను. చూడ ముచ్చటగా ఉంది. దాన్ని కౌంటరు దగ్గరి కంప్యూటరులో పెట్టి, వచ్చిన మొదటి మనిషిని కూర్చోబెట్టాను.

అత్తిబెలె అవతలి పల్లె నుంచి వచ్చిన ముసలామె. భర్త ఆ ఏడే పోయాడట. చేను తన పేరుకు మార్చుకోవడానికి, అది ఎవరి పేరున ఉందో చూపే పహణీ కాగితం కావాలి. సర్వే నంబరు తెలియదంది. భర్త పేరు అడిగి నేనే కొట్టాను. తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి: ‘దాఖలె ఇల్ల’, దాఖలా లేదని.

“ఏమని ఉండాదమ్మా?”

ఉన్నదున్నట్టు చదివాను.

“ఇల్లవా? నా చేను లేదంటాండాదా ఆ పెట్టె?”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడింది. చేను లేదని కాదు, కాగితం దొరకలేదంతేనని ఎంత చెప్పినా ఆమె నా వంక చూడలేదు.

గుమస్తా లేచి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

“మీ చేనికి తూరుపున ఎవరి చేను ఉండాది?”

చెప్పింది.

“మీ మామ పేరు?”

అదీ చెప్పింది. ఆయన లోపలికి పోయి, కాసేపటికి ఎర్ర గుడ్డలో కట్టిన దస్త్రం మోసుకొచ్చాడు. ఆమె భర్త పేరు అందులో ఉంది, నేను కొట్టిన ‘అప్ప’ చివర లేకుండా. అంతే తేడా. గుమస్తా ఆమె వేలు పట్టి ఆ వరుస మీద ఆనించాడు.

“ఈడ ఉండాది సూడమ్మా. యాడికీ పోలే.”

చదువు రాని ఆమె ఆ వేలిని చాలాసేపు అక్కడినుంచి తీయలేదు.

సిగ్గుతో ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు నోటుపుస్తకం పట్టుకుని ఆయన బల్ల దగ్గర నిలబడ్డాను.

“జనాన్ని ముందు ఏమడుగుతారు సార్? నాకు నేర్పండి.”

పక్కనున్న స్టూలు నా వైపు జరిపాడు. “కూసో. రాసుకో.”

ముందు ఊరు, తర్వాత తండ్రి పేరు, ఆ తర్వాత పక్క చేను. “నంబరు ఎవురికీ గుర్తుండదు పాపా. గట్టు కాడ తగువు పడిన పక్కోని పేరు మాత్రం ఎవుడూ మరవడు,” అన్నాడు. నేను పాత కాగితాల వెనక తెరలు గీసేదాన్ని. ఆయన కొట్టేసేవాడు. మళ్ళీ గీసేదాన్ని. మధ్యాహ్నం తన డబ్బాలోంచి రాగి సంకటి ముద్ద తుంచి పెట్టేవాడు. “నమలొద్దు, మింగు,” అనేవాడు. నేను నమిలేదాన్ని, ఆయన విసుక్కునేవాడు. ఉద్యోగంలో నేను అంత సంతోషంగా గడిపిన వారాలు మళ్ళీ రాలేదు.

కొత్త తెరలో ‘అప్ప’ ఉన్నా లేకపోయినా పేరు దొరికేలా చేయించాను. ‘ఇల్ల’ తీసేశాను. దాని చోట, ‘ఇంకా దొరకలేదు, పక్క చేనువాళ్ళ పేరు చెప్పండి’ అని కన్నడంలో రాయించాను. ఇంత పొడుగెందుకన్నాడు బాసు. ముసలామె సంగతి చెప్పాను. అలాగే ఉంచేశాడు.

గుమస్తా రిటైరయ్యేలోపే కొత్త తెర కౌంటరులోకి వచ్చింది. మొదటగా ఆయన్నే కూర్చోమన్నాను. ఒక్క వేలితో తన ఊరు, తాత పేరు, పక్క చేనువాళ్ళ పేరు కొట్టాడు. తన నాయన పేరు తెర మీదికి వచ్చింది. పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు.

“నన్ను అడక్కుండానే దొరికె,” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది సంతోషమో దిగులో నాకిప్పటికీ తెలియదు.

ఆయన ఆఖరి రోజున వెళ్ళాను. నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, తను స్టూలు లాక్కుని, టీ వచ్చేదాకా వాళ్ళ నాయన సేద్యం కబుర్లు చెప్పాడు.