ఆ అత్త ఏడ్వదు

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె సెల్లులో కథ రాస్తున్నది. టీవీ సీరియల్లోని గయ్యాళి అత్త మీద అభిమానులు రాసుకునే సొంత కథ. కోడలి మీద దొంగతనం మోపిన అత్తకు, తప్పు తనదేనని తెలిసిపోయింది. ఇప్పుడు అత్త ఏడ్చి క్షమాపణ అడగకపోతే ఇక చదవబోమని పాఠకులు బెదిరిస్తున్నరట.

"ఏడిపియ్యి బిడ్డా. ఆ సీరియల్ రాసిందే నేను," అని కోతలు కోసిన.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "రాసినోళ్లయినా సరే తాతా, ఆమెతోటి గట్ల చేపియ్యొద్దు. ఆమె నోటితోటి ఒప్పుకోదు. ఆ పూట వేడన్నం ముందు కోడలికే వడ్డిస్తది. అంతే."

సిగ్గేసింది. నేను రాయలేదని, చూసేది కూడా సగం నిద్రలోనేనని చెప్పేసిన.

"ఎరుకే. రాసినోళ్లయితే ఆమెను ఏడిపియ్యమనరు."

అడవిలో సిగ్నల్ పోకముందే, అన్నం వడ్డించే కాడికి కథ ఆపి పోస్ట్ చేసింది. "పోయేటోళ్లు పోనీ," అని ఫోను సంచిలో వేసుకుంది.

కథ పేరు అడిగి, ఇంటికొచ్చి నాలుగుసార్లు చదివిన. సరే, రెండుసార్లే. వడ్డన ముచ్చట నా సలహానే అని మా వాళ్లందరికీ చెప్పుకున్న. అది ఆమె మాటే.