గోలెంలో కొర్రమీనులు, పొయ్యి మీద ఇప్పపూలు

బస్తర్ ఇంకా రాజుల ఏలుబడిలో ఉన్న రోజులవి. శబరి నదికి ఈవలి ఒడ్డున, కొంటాకు దగ్గర్లోనే మా ఇల్లు. అమ్మ ఎప్పుడో పోయింది, ఉన్నది నేనూ నాయనా. ఆ ఎండాకాలం నాయన చిక్కి సగమయ్యాడు. కడివెడు నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. పెరట్లో ఆయన ఒంటికి పోయిన చోట చీమలు మూగేవి.

నది దాటించి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చీమల సంగతి వినగానే మొహం ముడిచాడు.

"అతిమూత్రం. తిన్న తీపి ఒంటికి పట్టట్లేదు. పట్నంలో ఏదో సూదిమందు వచ్చిందంటరు, అది మనదాకా రాదు. అన్నం, బెల్లం, ఇప్పపువ్వు ముట్టనీయకు. చేప పెట్టు, ఆకుకూర పెట్టు. అట్ల అయితే కొన్నాళ్ళు నిలుస్తడు" అన్నాడు.

చేప అనడం తేలికే. వానలు పడి శబరి పొంగిందంటే వల వేసే మొనగాడు ఉండడు, వారాల తరబడి చేప మొహం చూడం. అయితే కొర్రమీను నీళ్ళపైకి మూతి పెట్టి గాలి పీలుస్తుంది, అందుకని మా వైపు దాన్ని ప్రాణంతోనే దాచుకుంటాం. పొరుగింట్లో ఉండే దొర్ల తెగ అవ్వ చేపలు పట్టడంలో పెట్టింది పేరు. ఆమె పట్టి తెచ్చిన పన్నెండు కొర్రమీనులను పెద్ద మట్టి గోలెంలో వదిలి, ఎగిరి పడకుండా తడిక కప్పి రాయి పెట్టాను. నాయన వానాకాలపు తిండంతా ఆ గోలెంలోనే ఉందని నాకు తెలుసు.

అవి చిక్కిపోతాయని భయం పట్టుకుంది. మా ఇళ్ళల్లో ఏ ప్రాణి చిక్కినా మందొకటే, ఉడికించిన ఇప్పపువ్వు. దున్నే ఎద్దుకు పెడతాం, ఈనిన ఆవుకు పెడతాం, నెల తిరిగేసరికి నిగనిగలాడతాయి. చేప చేసిన పాపమేమిటి అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇప్పపూలూ నూకలూ కలిపి ఉడికించి, ముద్దలు చేసి వేశాను. రెండు రోజులు ముట్టలేదు. ఎండు రొయ్యపొడి కలిపితే మూడో రోజు మింగాయి. ఆకలి రుచి ఎరుగదు కదా. పొట్టలు గుండ్రంగా తేలుతుంటే మురిసిపోయాను.

నది పొంగింది. దారులు తెగాయి. పదిరోజులు గడిచాక ఒక చేప వెల్లకిలా తేలింది, మర్నాడు రెండు. అవ్వను పిలిచాను. ఆమె కత్తిపీట మీద ఒకదాని పొట్ట చీల్చింది. ఎర్రగా ఉండాల్సిన కార్జం ఉబ్బి, పాలిపోయి, వేలు తగిలితే చితికిపోతోంది.

"ఏం పెట్టినవే పిల్లా?"

"ఇప్పపువ్వు, నూకలు."

"ఏందీ! అది ఎద్దనుకున్నవా? కప్పను మింగేది, చేపను మింగేది. దానికి తీపి ఎట్ల అరుగుతది? నీళ్ళు గూడ పులిసిపోయినయ్, పారబొయ్!"

చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరు నాకు విడమరిచి చెప్పాడు. రక్తంలోని చక్కెరను కండకు చేర్చే రసం మనకు ఊరినట్టే చేపకూ ఊరుతుందట. కాకపోతే మాంసం తినే చేపలో అది మాంసానికి ఊరినట్టుగా తీపికి ఊరదట. గంజీ పిండీ పెడితే ఆ చక్కెర గంటలకొద్దీ రక్తంలోనే తిరుగుతుంది, కార్జం పాడవుతుంది. అంటే మా నాయన జబ్బులాంటిదాన్నే నా చేత్తో వాటికి తినిపించాను.

ఆ రోజు నుంచి వానలో తడుస్తూ ఎర్రలు తవ్వాను, నత్తలు ఏరాను, కప్పపిల్లల వెంట పడ్డాను. ఇంకో రెండు పోయి, చావులు ఆగాయి. కానీ నాయన కుదుటపడలేదు. రోజూ ఒక చేపముక్క తింటున్నా కాళ్ళు నిలవడం లేదు, పెరట్లో చీమలు ఇంకా ముసురుతున్నాయి. ఎందుకో అంతుపట్టలేదు.

నాలుగోనాడు, పొయ్యి మీద మరిచిపోయిన ఇప్పపూల కుండను పారబోద్దామని ఎత్తాను. సగం ఉండాల్సిన కుండ ఖాళీగా ఉంది.

"నాయినా, ఇది నువ్వు తిన్నవా?"

ఆయన గోడవైపు చూశాడు. "చేపలకు పెట్టంగ చూసిన బిడ్డా. అడగందే అమ్మయినా పెట్టదంటరు. అడిగితే నువ్వు తిడ్తవ్."

తిట్టాను. చావాలని ఉందా అని ఊరంతా వినేట్టు అరిచాను. చేపలకని వండి, వద్దన్న తిండిని ఆయన చేతికందేలా పెట్టింది నేనే. ఆ కోపం కూడా ఆయన మీదే తీర్చుకున్నాను.

"చావాలని గాదు. ఆకలైతాంది. ఎంత తిన్నా ఆకలైతనే ఉంది" అన్నాడు.

ఏం పెట్టకూడదో వైద్యుడు చెప్పాడు. ఆ జబ్బులో ఆకలి తీరదని చెప్పలేదు, నేనూ అడగలేదు. శబరి వరద తీయకముందే నాయన పోయాడు. అంతకు ముందు రోజు నోరు తెరిచే అడిగాడు, నాలుగు ఇప్పపూలు పెట్టమని. నేను చేపముక్క పెట్టాను. ఆయన నమల్లేదు, ఉమ్మేయనూ లేదు. ఆ నాలుగు పూలు పెట్టి ఉండాల్సింది.