గడి ముందు డప్పు ఆగిన సాయంత్రం

మా ముత్తాత బోధన్ చుట్టుపక్కల ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత పోలీసు పటేల్. మా బాపు, సర్కారు ఆ పటేల్‌గిరీని రద్దు చేసిన రోజు దాకా దాన్ని తల వంచకుండా నడిపిన మనిషి. గుర్రం దిగకుండా కోటలాంటి మా గడి ముందు నుంచి పోయినవాడు లేడని మా తాత అనేవాడు. అది ఎంత నిజమో నాకు తెలియదు గానీ, పెళ్లి ఊరేగింపైనా, పండుగ జులూసైనా మా గేటు దగ్గరకు రాగానే డప్పులు ఆగడం, గేటు దాటిన తరువాతే మళ్లీ మోగడం మాత్రం నేను కళ్లారా చూసిన సంగతి. దాన్ని మా వీధిలో 'సప్పుడు బంద్' అనేవారు. చిన్నతనంలో నేను లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను. ప్రతి ఊరిలోనూ ఒక ఇంటి ముందు సప్పుడు ఆగుతుందని, ఆ ఇంట్లో నాలాంటి పిల్లవాడొకడు కిటికీ ఊచలు పట్టుకుని ఆ నిశ్శబ్దాన్ని వింటుంటాడని.

మొన్న ఒక సాయంత్రం నేను చాయ్ తాగుతూ కూర్చున్నప్పుడు పెద్ద రోడ్డు మీద మోటారుసైకిళ్ల హారన్లు, ఈలలు, కేకలు వినిపించాయి. ఎన్నికలేమోనని మా ఇంటావిడ అడిగింది. సందు చివరిదాకా పోయి చూస్తే పాతికేళ్లు నిండని కుర్రవాళ్లు, ఒంటి మీద ఒకే రంగు బనీన్లు, చేతుల్లో జెండాలు. ఎక్కడో ఏదో ఫుట్‌బాల్ క్లబ్బు కింది డివిజన్ నుంచి పై డివిజన్‌కు ఎక్కిందట. ఆ ఆటగాళ్లను వీళ్లు ఫోనులో తప్ప చూసి ఉండరు. అయినా ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని, పరాయి మనిషిని కూడా కౌగిలించుకుని గంతులు వేస్తున్నారు. నాకు ముచ్చట వేయలేదు. మా ఈడు వారికి చెప్పుకోవడానికి సిగ్గేముంది, నాకు అసూయ వేసింది. అది కొత్తది కాదు, చాలా పాతది, ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలిసినది.

మా తాత హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ నేర్చుకుని వచ్చి, గడి వెనక ఉన్న చెలకను చదును చేయించి జట్టు కట్టించాడు. గడి టీం అనే పేరు. జిల్లాలో అప్పుడు రెండు లీగులు నడిచేవి. కింది లీగులో గెలిచిన జట్టు పైకి ఎక్కేది, పై లీగులో అన్నిటికన్నా వెనకబడింది కిందికి దిగేది. మా జట్టు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పై లీగులోనే ఉంది. గెలిచి వచ్చిన ప్రతిసారీ జులూసు మా గేటు ముందు ఆగేది, సప్పుడు బంద్ అయ్యేది, మా తాత, ఆయన తరువాత మా బాపు, జరీ అంచు రుమాలు పట్టుకుని బయటికి వచ్చి కెప్టెన్ తలకు పాగా చుట్టేవారు. మా జట్టే కాదు, ఊళ్లో ఏ జట్టు గెలిచినా అంతే. ఫ్యాక్టరీ వాళ్లు గెలిచినా, బజారు వాళ్లు గెలిచినా, మా గేటు ముందు రుమాలు చుట్టించుకున్నాకే ఇళ్లకు పోయేవారు.

నేను చెబుతున్న ఏడాదికి మా చేతిలో పటేల్‌గిరీ లేదు. కాలువ కింది మాగాణి చాలావరకు కోస్తా నుంచి వచ్చిన రైతుల పేరు మీదికి పోయింది. నిజామాబాద్ నుంచి మేము పిలిపించుకునే మంచి ఆటగాళ్లు, కొలువు ఇస్తామన్న చోటికి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ ఏడాది మా జట్టు పై లీగులో అట్టడుగున మిగిలి కిందికి దిగింది. మా బాపు ఆ కబురు విని, వీధి వైపు ఉన్న మేడ మీది కిటికీ మూయించాడు. ఖాళీ అయిన ఆ చోటికి ఎక్కడానికి కింది లీగులో పోటీ పడుతున్నది ఎవరయ్యా అంటే, చర్చి వెనక కాలనీ జట్టు.

ఆ కాలనీలో అందరూ మెథడిస్టు క్రైస్తవ కుటుంబాల వాళ్లు. కొందరు చెరకు నరికేవారు, కొందరు ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోయేవారు, ఒకరిద్దరు ఆసుపత్రిలో కాంపౌండర్లు. వాళ్ల బనీన్లు కూడా వాళ్లే ఒక గంగాళంలో నీలం రంగు కలిపి ముంచుకున్నవి. ముందు ముంచినవి ముదురుగా, చివరివి ఆకాశం రంగులో వచ్చి పదకొండు మంది పదకొండు నీలాల్లో కనిపించేవారు. కెప్టెన్ మా ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసిన అవ్వ మనవడు. నా ఈడువాడే. ఇద్దరమూ ఆ చెలకలోనే బంతి తన్నడం నేర్చుకున్నాం. నాకు బూట్లు ఉండేవి, అతనికి ఉండేవి కావు, అయినా నాకన్నా బాగా ఆడేవాడు. అది అప్పుడూ తెలుసు, ఇప్పుడూ కాదనను.

చివరి ఆట నిజామాబాద్‌లో జరిగింది. కాలనీ అంతా చెరకు ట్రాక్టర్ల ట్రాలీల్లో ఎక్కి పోయింది. నేను ఎవరికీ చెప్పకుండా బస్సులో పోయి మైదానానికి ఆ చివర, చెప్పులు కుట్టే ఆయన గొడుగు పక్కన నిలబడ్డాను. వాళ్లు ఓడిపోవాలని కోరుకున్నాను. ఆట అయిపోవచ్చిన వేళ కుడివైపు నుంచి గాలిలో వచ్చిన బంతికి అతను తలతో ఎదురు వెళ్లాడు, బంతి లోపలికి పోయింది, అతని నుదురు పోయి గోలు కంబానికి తగిలింది. ఆ క్షణంలో, కోరుకున్నది ఏదైనా కానీ, నా కాలు నాకు తెలియకుండానే ముందుకు కదిలింది. తరువాత ఆ మైదానంలో జరిగినది నేను వివరించలేను. ఆడవాళ్లు కొంగులు నడుముకు దోపుకుని లోపలికి పరుగెత్తారు. పాస్టరు గారు తన చేతి గొడుగును గాలిలో విసిరి, అది ఎక్కడ పడిందో చూసుకోలేదు. అతన్ని భుజాల మీద ఎత్తుకుని, పేరు పెట్టి పిలుస్తూ మైదానమంతా తిప్పారు.

వాళ్ల కన్నా ముందు ఊరు చేరాలని పరుగు పరుగున బస్సెక్కాను. నేను ఎవరో ఎరుగని ఒక పెద్దాయన పక్క సీటు ఆయనతో మాట్లాడుతున్నాడు.

"చర్చోళ్లు గెల్సిండ్రట, ఎరికేనా?"

"మరి గడి టీం ఏమాయె?"

"గదా? గది దిగింది, గిది ఎక్కింది. బస్సుల సీటు లెక్కనే. ఒకలు దిగితెనే గద, ఇంకొకలు కూసునేది."

బస్సంతా నవ్వింది. కండక్టరు నన్ను గుర్తుపట్టి నవ్వు ఆపుకుని చూపు తిప్పుకున్నాడు. ఆ పెద్దాయన నవ్వు కన్నా నన్ను బాధపెట్టింది అదే.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. రుమాలు తీయించు అన్నాడు. తాను మాత్రం కిందికి రాడట. మన జట్టు దిగిన ఏడాది తన చేతితో ఇంకొకడికి చుట్టలేడట. "నువ్వు కట్టు. కని యాది పెట్టుకో, ఆళ్లు సప్పుడు ఆపితెనే గేటు తియ్యాలె. ఆపకుంటె తియ్యద్దు." అంతే అన్నాడు. ఆ మాటతో ఆ సాయంత్రం మా ఇంటి పరువంతా ఒక డప్పు మీద ఆధారపడింది. నాకైతే ఇంకొకటి కూడా ఉంది. ఆ రుమాలు ఇంటి పెద్దవాడి చేతిలో తప్ప మరొకరి చేతిలో పడింది లేదు. అది మొదటిసారి నా చేతికి వచ్చింది. మా అమ్మ పెట్టెలోంచి తీసి, బొగ్గుల ఇస్త్రీతో మడతలు సరిచేసి ఇస్తే, రెండు చేతుల మీద పట్టుకుని గేటు లోపల నిలబడ్డాను.

పొద్దు గూకే వేళకు డప్పులు వినిపించాయి. ముందు దూరంగా, తరువాత ఫ్యాక్టరీ మలుపు దగ్గర, తరువాత వీధి మొదట్లో. పాటలు, ఈలలు, ట్రాక్టరు హారన్లు. దగ్గరకు వస్తున్న కొద్దీ మా గేటు రేకులు ఆ దరువుకు అదురుతున్నాయి. ఆపరనుకున్నాను. ఆపితే బాగుండుననీ అనుకున్నాను. సప్పుడు సరిగ్గా గేటు ముందుకు వచ్చింది. ఆగింది. ఒక్క దెబ్బ కూడా ఎక్కువ పడకుండా, మా తాత రోజుల్లో ఆగినట్టే ఆగింది.

గేటు గడియ తీసి, వీపు నిటారుగా పెట్టి, రుమాలుతో బయటికి అడుగు వేశాను. వీధి నిండా జనం. కానీ ఒక్క ముఖమూ గేటు వైపు లేదు. అందరూ పక్కకు, మా అరుగు వైపు చూస్తున్నారు. అరుగు మీద అవ్వ కూర్చుని ఉంది. మా ఇంట్లో పని మానేసిన తరువాత కూడా ప్రతి సాయంత్రం అక్కడే కూర్చోవడం ఆమెకు అలవాటు. నీళ్ల చెంబు పక్కన పెట్టుకుని, తువ్వాల తడిపి పిండుతూ, ఆ జనాన్నంతా తిడుతున్నది.

"ఆపుండ్రిరా మీ డప్పులు పాడుగాను! పోరని నొసలు సొరకాయ లెక్క ఉబ్బితె ఒక్కనికన్న కండ్లకు కానొస్తలేదా? ఎగురుడే ఎగురుడు! రా బిడ్డా, తలకాయ వంచు."

అతను భుజాల మీద నుంచి దిగి, అవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె తడి తువ్వాలను నుదుటికి అదిమి, తల చుట్టూ చుట్టి ముడి వేసింది. నీళ్లు ముఖం మీద కారుతుంటే అతను పసివాడిలా కళ్లు మూసుకున్నాడు. డప్పు ఆగింది దానికి.

అప్పుడు నన్ను ఎవరో చూశారు. జనం దారి ఇచ్చారు. నేను వెనక్కి పోలేను, ముందుకు పోయాను. అతను గబుక్కున లేచి నిలబడ్డాడు. నా చేతిలోని రుమాలు చూశాడు, తన తల తడుముకున్నాడు. ఎగతాళి లేదు ఆ ముఖంలో, నిజంగా ఏం చేయాలో తోచని ముఖం.

"చిన దొరా, తల మీద జాగ లేదు," అన్నాడు.

అవ్వ కలగజేసుకుంది. "తువ్వాల ఇప్పుతె వాపు దిగది దొరా. రేపు కడుదువు తియ్యి."

వెనక నుంచి ఎవడో కేక వేశాడు. "బంతికి కట్టుండ్రి దొరా! గోలయ్యింది గదే గదా!"

వీధి వీధంతా నవ్వింది. అవ్వ నవ్వింది. అతను కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు, తల కదిలి నొప్పి పుట్టి మళ్లీ తువ్వాల పట్టుకున్నాడు. ఆ నవ్వులో నా మీద కోపం గానీ, పాత లెక్కలు తీర్చుకునే ఉద్దేశం గానీ లేవు. ఉండి ఉంటే నాకు తేలికయ్యేది. వాళ్ల సంతోషం అంత పెద్దది, అందులో నేను ఒక చిన్న హాస్యం, అంతే. నేను బంతికి కట్టలేదు. వెనక్కి తిరిగి గేటు వేసుకున్నాను. గడియ పడకముందే డప్పులు మళ్లీ మోగాయి.

రుమాలు మెట్ల పిట్టగోడ మీద పెట్టి పైకి పోయాను. బాపు మూసిన కిటికీ పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఆగింది గదా?"

"ఆగింది బాపూ."

"ఇన్న. మా నాయన జమాన్ల ఆగినట్టు ఆగింది. తమీజ్, మర్యాద ఉన్నోళ్లురా. మనదాని కన్న మంచి టీం అది."

మా జట్టును ఆయన ఎన్నడూ అలా మెచ్చుకోలేదు. నన్నూ మెచ్చుకోలేదు. ఆ మాటకు కూడా ఆ కాలనీ వాళ్ల మీదే నాకు మండింది. ఎందుకు నవ్విండ్రు అని ఆయన అడగలేదు. వినలేదో, వినీ అడగలేదో, నేటికీ నాకు తెలియదు.

మా జట్టు కిందికి దిగకముందు రెండేళ్లు నేనూ గడి టీంకు కెప్టెన్‌గా ఉన్నాను. గెలిచాం కూడా. గెలిచిన ప్రతిసారీ జనం చప్పట్లు కొట్టేవారు, ముందు మా బాపు కొట్టాడా లేదా అని చూసి కొట్టేవారు. దొరకు జై అనేవారు. నా పేరు పెట్టి ఒక్కరూ అరవలేదు. దొర కొడుకును పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నవాడూ లేడు, ముట్టుకోవడానికే భయపడే మనిషిని ఎత్తుకోవడానికి ఎవరికి చేతులు వస్తాయి? ఆడిన రోజుల్లో ఒకసారి నా మోకాలు చీరుకుని రక్తం కారితే, జట్టంతా దూరంగా నిలబడి ఇంట్లోంచి మనిషి వచ్చేదాకా ఎదురుచూసింది. అవ్వకు కూడా మా గడప లోపల నన్ను అలా తిట్టే చనువు ఉండేది కాదు. నాకు వాళ్లు ఎక్కిన పై లీగు మీద కాదు అసూయ. అందరి ముందు, జులూసు ఆపించి, తల వంచు బిడ్డా అనిపించుకున్న ఆ తల మీద.

ఇప్పుడు లీగులూ లేవు, ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు బళ్లూ లేవు. ఎవరి ఇంటి ముందూ ఎవరూ సప్పుడు ఆపరు, ఆపాలని నేనూ అనను. మొన్నటి కుర్రవాళ్లు మా సందు మొదట్లో కాసేపు ఆగి, నన్ను చూసి, తాతా నువ్వూ రా అన్నారు. పోవాలనిపించింది. పోలేదు. వీపు వంగడం మాకు ఎవరూ నేర్పలేదు.

అవ్వ పోయిన మరుసటి ఏడాది వీధి వైపు భాగమంతా, గేటు, అరుగుతో సహా, ఎరువుల దుకాణం పెట్టుకునే వాళ్లకు అమ్మేశాం. మా వాకిలి ఇప్పుడు వెనక సందులోకి ఉంది.