నౌపడ ఉప్పు మళ్ళలో కొరియా పాట

డిగ్రీ రెండో సంవత్సరంలో నన్నొక పాట పట్టుకుంది. జ్వరం పట్టుకున్నట్టే పట్టుకుంది. పాడినావిడ కొరియా గాయని. అందులో ఒక్క ముక్క నాకు అర్థం కాదు. అయినా ఆ వీడియో చివరి భాగం చూడకుండా నిద్రపోయేదాన్ని కాదు. తెల్లటి ఎడారి మధ్యలోంచి ఒక లారీ మెల్లగా సాగిపోతూ ఉంటుంది. లారీ వెనక భాగంలో ఆమె నిలబడి ఉంటుంది. ఒంటిమీద పాదాల దాకా వెండిరంగు కోటు, తలకి నీలంరంగు జుట్టు. తెల్లబట్టలు వేసుకున్న మనుషులు పొగలోంచి లారీ వెనకాలే నడిచి వస్తుంటారు. ఆమె ఎవరో పిలిచినట్టు ఎడమ భుజం మీదుగా తిరిగి చూస్తుంది. ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క జారుతుంది. పాట అయిపోతుంది.

దాన్ని ఉన్నదున్నట్టు నేనూ తియ్యాలనుకున్నాను. పోటీ లేదు, బహుమతి లేదు. మాది సాలూరు. గుమ్మం దాటితే లారీలే. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, లారీ డ్రైవరు. ఆమెకి లారీ ఉంది, నాకూ లారీ ఉంది కదా అన్న ఒక్క ధైర్యంతో మొదలుపెట్టాను.

అప్పుడు నేను విజయనగరంలో హాస్టల్లో ఉండేదాన్ని. ముందు ఆ వెనక్కి తిరిగి చూడడం నేర్చుకోవాలి. తేలికే అనుకున్నాను. వీడియోని నెమ్మదిగా నడిపించి చూస్తే తెలిసింది, ముందు కళ్ళు కదులుతాయి, తర్వాత గడ్డం, ఆ తర్వాతే భుజం. నేను చేస్తే మెడ పట్టేసిన మనిషిలా ఉండేది. భోజనాల వరసలో, బస్టాపులో, మెట్లమీద, ఎక్కడ పడితే అక్కడ అదే పని. ఒకరోజు కెమిస్ట్రీ క్లాసులో హాజరు వేస్తూ సారు నా నంబరు పిలిచారు. ఎడమవైపు నుంచి వినిపించింది. ఇంతకన్నా మంచి అవకాశం దొరకదనిపించింది. కళ్ళు తిప్పాను, గడ్డం తిప్పాను, భుజం తిప్పాను. నోరు తెరిచేసరికి సారు నాలుగు నంబర్లు దాటిపోయారు.

"ప్రెజెంట్ సార్" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "వచ్చినావు గానీ, ఎక్కడున్నావమ్మా?" అన్నారు.

నా పక్క మంచం అమ్మాయి బొబ్బిలిది. వాళ్ళది బాప్టిస్టు చర్చి కుటుంబం, చర్చి కోయిర్‌లో పాడేది. దానికి నా పాట అంటే ఏమాత్రం ఇష్టం లేదు. కానీ ఏ పనైనా సగంలో ఉంటే చూడలేని మనిషి. నా అవస్థ కొన్నాళ్ళు చూసి, "ఒసే, సేస్తే సరిగ్గా సెయ్యి, నేకపోతే మానీ. సూడనేకపోతన్నాను" అంది. మంచి ఫోను కూడా దానిదే. అలా అది నాకు కెమెరామన్, డైరెక్టర్ రెండూ అయిపోయింది. ఆ రోజు నుంచి నా బతుకు నా చేతిలో లేదు.

పరీక్షలయ్యాక వేసవి సెలవులకి ఇంటికి వచ్చాను. మొదట కోటు సంగతి చూడాలి. అంత మెరిసే గుడ్డ బజారంతా తిరిగినా దొరకలేదు. చివరికి మా ఇంటి ముందే కనిపించింది. సరుకు తడవకుండా లారీల మీద కప్పే పట్టా, వెండిరంగుది. మావని అడిగితే పాతది ఒకటి ఇచ్చాడు. అమ్మ కుట్టుమిషను మొదటి అంగుళంలోనే సూది విరిచేసుకుంది. దాంతో మావ నన్ను లారీ స్టాండులో పట్టాలు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆయన దబ్బనం చెవి వెనక పెట్టుకుని టేపు తీశాడు. "ఏ బండికి?"

"నాకే" అన్నాను.

ఆయన మావ వైపు తిరిగాడు. "ఏటంతంది మీ కోడలు?"

"కోటంటరా. కుట్టీ" అన్నాడు మావ, దిక్కులు చూస్తూ.

ఆయన నా ఎత్తూ వెడల్పూ కొలిచాడు. అంచులకి తాడు కట్టుకునే రింగులు పెట్టమంటావా అని అడిగాడు. వద్దన్నాను. అలవాటు కొద్దీ పెట్టేశాడు. ఇంటికి తెచ్చి ఒకసారి వేసుకుని, విప్పేసి, మంచినీళ్ళకని వెళ్ళాను. నేను లేకపోయినా కోటు హాల్లో నిటారుగా నిలబడే ఉంది. పెరట్లోంచి వచ్చిన అమ్మ, చీకట్లో ఎవరో వచ్చారనుకుని, "ఎవులండీ? కూకోండి" అంది.

తర్వాత నీలం జుట్టు. నా జుట్టుకి రంగు వేస్తే కాళ్ళు విరుస్తానంది అమ్మ. అమ్మమ్మ దగ్గర ఒక సవరం ఉండేది, రాలిన తన వెంట్రుకలు దాచి కట్టించుకున్నది. అన్నీ నెరిసిన వెంట్రుకలే, రంగు ఇట్టే పడుతుంది. నాకు కావాలని అడిగితే అమ్మమ్మ పొంగిపోయింది. "ఇన్నాల్లకి జడేసుకోవాలని బుద్ధి పుట్టినాది గుంటకి" అని నలుగురికీ చెప్పుకుంది. మర్నాడు బట్టల నీలిమందు బకెట్లో తేలుతున్న సవరాన్ని చూసి, "ఓలమ్మో! నా ఎంట్రుకలే!" అని ఇంటి చుట్టూ తిరిగింది. సాయంత్రానికి అది తీగమీద ఆరి నీలంగా నిగనిగలాడుతుంటే చేత్తో పట్టుకుని ఎండకి తిప్పి చూసింది. "రంగు బాగానే దిగినాది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక పాట మాటలు. వాటిని తెలుగులో రాసుకుని గోడకి అంటించి, బియ్యం ఏరుతూ, అంట్లు తోముతూ గొణుక్కునేదాన్ని. అమ్మమ్మకి అది పాట అనిపించలేదు. ఒక మధ్యాహ్నం కళ్ళు మూసుకుని గొణుగుతుంటే నా తల చుట్టూ ఏదో తిరిగినట్టయింది. చూస్తే గుప్పిట్లో ఎండుమిరపకాయలు, ఉప్పు.

"గుంటకి గాలి సోకినాదే" అంటోంది అమ్మతో. "ఏ బాసో నాకు తెలీదు. ఒరియా అయితే కాదు."

అన్నీ కుదిరినా తెల్లటి ఎడారి మాత్రం కుదరలేదు. భోగాపురం వైపు ఇసుక తీరం ఉంది గానీ అది పసుప్పచ్చగా కనిపిస్తుంది. గరివిడి వైపు మాంగనీసు గుట్టలన్నీ నలుపు. దిగులుగా ఉన్నప్పుడు మావ అన్నం తింటూ మామూలుగా అన్నాడు, "రేపు ఉప్పు లోడుకి నౌపడ ఎల్తన్నాను."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. శ్రీకాకుళం దాటి టెక్కలి దగ్గర లోపలికి తిరిగితే నౌపడ. కనుచూపు మేర ఉప్పు మళ్ళు, తెల్లటి ఉప్పు కుప్పలు. ఇన్నేళ్ళూ అదే ఉప్పు వేసుకుని తింటూ ఎడారి కోసం వెతికాను.

మావ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. మీ అమ్మ ఒప్పుకుంటే నాకేటి అన్నాడు. అమ్మేమో, అమ్మమ్మ తోడు వెళ్తేనే సరే అంది. అమ్మమ్మని ఒప్పించక్కర్లేదు, లారీ ఎక్కడమంటే దానికి సరదా. రాత్రికి రాత్రే హాస్టల్ స్నేహితురాలికీ, క్లాసు అమ్మాయిలకీ ఫోన్లు చేసి, తెల్లారగట్లే బయల్దేరాం. నేను, అమ్మమ్మ, మావ, మావ కన్నా వయసులో పెద్దవాడైన క్లీనరు. ఆయన్ని అందరం తాత అనే పిలుస్తాం. బొబ్బిలిలో నా స్నేహితురాలు పెద్ద మూటతో ఎక్కింది. అందులో కోయిర్ వాళ్ళు వేసుకునే తెల్ల గౌన్లు ఉన్నాయి.

"ఎలా ఇచ్చారే?" అన్నాను.

"పాస్టరమ్మగారిని అడిగినాను. ఏ పాటకి అన్నారు. ఎడారిలో నడిసే పాటండి అన్నాను. ఆవిడ కళ్ళంట నీల్లెట్టుకుని మూటగట్టి ఇచ్చారు" అంది. ఇశ్రాయేలీయుల అరణ్య ప్రయాణం అనుకున్నారట. ఇది అబద్ధమూ చెప్పలేదు, విప్పీ చెప్పలేదు.

నౌపడ చేరేసరికి ఎండ మండుతోంది. లోడుకి ముందు చాలా లారీలు ఉన్నాయి, మా వంతు వచ్చేదాకా బండి ఖాళీయే. టెక్కలి వైపు ఊళ్ళ నుంచి మా క్లాసు అమ్మాయిలు వచ్చి వెనక నడుస్తామని మాటిచ్చారు. ఫోను చేస్తే ఎండగా ఉందన్నారు. నాకు ఏడుపొచ్చింది. స్నేహితురాలు మూట విప్పి చుట్టూ చూసింది. మొదటి గౌను తాతకి తొడిగింది. రెండోది, మూడోది అన్నాలకి కూర్చున్న ఉప్పు మళ్ళ ఆడవాళ్ళిద్దరికి. ఫొటో తీసి పంపాలన్న షరతు మీద వాళ్ళు ఒప్పుకున్నారు. నాలుగోది అమ్మమ్మకి. చీర మీదే తొడుక్కుని అమ్మమ్మ చేతులు చాపి చూసుకుంది.

"సల్లగా ఉన్నాదే. నాకోటి ఇలాటిది కుట్టించు" అంది.

మొదటిసారి మావ బండి తీసిన వేగానికి నేను లారీ లోపల వెల్లకిలా పడ్డాను. "మెల్లగా అండీ!" అని డైరెక్టర్ అరిచింది. "ఫస్టు గేరు కంటె తక్కువ నేదమ్మా నా బండికి" అని మావ అరిచాడు. రెండోసారి వేగం కుదిరింది గానీ, వెనక నడుస్తున్న తాత అలవాటు కొద్దీ లారీని చరుస్తూ "రైట్, రైట్, పోనీ" అంటూ వచ్చాడు. ఇంకోసారి అమ్మమ్మ మధ్యలో ఆగిపోయి, పక్కన నడుస్తున్న ఉప్పు మడి ఆవిడ ఏ ఊరి కోడలో కనుక్కుంటోంది. పొగ కోసం తెచ్చిన సాంబ్రాణి అంతా గాలికి క్యాబిన్లోకి పోయి మావ దగ్గలేక చచ్చాడు. పొగ లేకుండానే కానిద్దాం అనుకున్నాం.

మధ్యాహ్నం తిరిగాక సముద్రం మీంచి గాలి పెరిగింది. నా కోటు టపటపలాడుతోంది. తాత తాడు పట్టుకొచ్చి, "రింగులున్నాయి గదమ్మా, బండికి కట్టీమంటావా?" అన్నాడు. ఒరిజినల్లో తాడు లేదని చెప్పాను.

ఈసారి అన్నీ కుదిరాయి. లారీ నీళ్ళమీద పడవలా సాగింది. తాత చేతులు కట్టుకున్నాడు. ఆడవాళ్ళు నవ్వలేదు. చుట్టూ తెలుపు. నీలం సవరం గాలికి ఎగిరింది. ఆ క్షణంలో నేను సాలూరు పిల్లని కాను. కళ్ళు తిప్పాను. గడ్డం తిప్పాను. భుజం తిప్పగానే కోట్లోకి గాలి దూరింది. పట్టా తెరచాపలా పొంగింది. నేను లారీలోంచి లేచి, ఉప్పు కుప్ప మీద పడి, అక్కడి నుంచి జారి కింద మడిలోని ఉప్పునీళ్ళలో కూర్చున్నాను. రెండు మోకాళ్ళూ గీరుకుపోయాయి. ఆ దెబ్బల మీద ఆ నీళ్ళు! ఒక కంట్లోంచి ఒక్క చుక్క రావాలని నెలల తరబడి సాధన చేశాను. ఇప్పుడు రెండు కళ్ళూ ముక్కూ కలిసి కారాయి.

మా అమ్మమ్మ అడ్డపొగ తాగుతుంది. చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటుంది. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళలో అది వింతేమీ కాదు, బయటికి చిన్న ముక్కే కనిపిస్తుంది. అప్పటిదాకా అది చుట్ట పెట్టుకునే నడుస్తోందని మేమెవ్వరం గమనించలేదు. నేను పడగానే తెల్ల గౌను మోకాళ్ళ దాకా ఎత్తి పట్టి పరుగెత్తుకొచ్చింది. చుట్ట చేతిలోకి తీసి నోరు తెరిచింది. దట్టంగా పొగ. ఆ పొగలోంచి, "పడిపోనావేటే నా తల్లీ!" అన్న కేక. తర్వాత నా చెవి పట్టుకుని పైకి లేపింది.

స్నేహితురాలు ఫోను దించలేదు. అమ్మ తర్వాత దాన్ని నిలదీసింది, పిల్ల పడితే లేపకుండా వీడియో తీస్తావా అని. "ఫ్రేము సాలా బాగున్నాదండి పిన్నీ" అని నిజాయితీగా చెప్పింది అది. గౌన్లు ఉతికి ఇచ్చింది గానీ ఉప్పు పూర్తిగా వదల్లేదు, ఆ ఆదివారం కోయిర్ అంతా వీపులు గోక్కుంటూ పాడారట.

నేను పడిన ముక్క తీసేసి వీడియోని నెట్‌లో పెడదామన్నాను. డైరెక్టర్ ఒప్పుకోలేదు. మొత్తం అలాగే పెట్టాం. కొన్నాళ్ళకి ఆ గాయని అభిమానులు ఏవేవో భాషల్లో కింద రాయడం మొదలుపెట్టారు. ఫోన్లో తెలుగులోకి మార్చి చదువుకున్నాను. నా తిరిగి చూడడం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: చివర్లో పొగ ఊదుతూ వచ్చిన ఆ తెల్లదుస్తుల దేవత ఎవరు?

నాలుగు రోజులు ఉడుక్కున్నాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. అమ్మమ్మకి చెబితే, దేవత అన్నమాట పట్టించుకోలేదు. "మోకాల్లు మానినాయా?" అంది.

ఆ సెలవులు అయిపోయే ముందు అనుకుంటాను, అమ్మమ్మ పక్కన కూర్చుని అసలు వీడియో పెట్టి చూపించాను. అప్పటిదాకా అమ్మమ్మ ఆ కొరియా వీడియో చూడనే లేదు. ఫోను దూరంగా పట్టుకుని, కళ్ళు చిన్నవి చేసుకుని చివరిదాకా శ్రద్ధగా చూసింది. లారీ, కోటు, నీలం జుట్టు, తెల్లబట్టల మనుషులు.

"ఎవులే ఈ పిల్ల?" అంది. "అచ్చం మనలాగే సేసీసినాదే. మనది సూసి కాపీ కొట్టీసినాదేటి?"

ఏది ముందో, ఏది వెనకో, కొరియా ఎక్కడుందో చెప్పబోయాను. అమ్మమ్మ ముఖం చూసి మానేశాను.

"అవునే అమ్మమ్మా."

అమ్మమ్మ ఇంకోసారి ఆ పిల్ల వైపు జాలిగా చూసి ఫోను నాకిచ్చేసింది.

"పోన్లే. సిన్నపిల్ల, ముచ్చట పడిపోనాది. నువ్వేటీ అనీకు."